బ్రేకక్క కుడికాలు

ఆమెకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది, లైసెన్సు మీద అచ్చయి కూడా ఉంది. కానీ డ్రైవింగ్ నేర్పడం మొదలుపెట్టాక ఆ పేరుతో పిలిచే నాథుడు లేడు. అందరికీ ఆమె బ్రేకక్క. నేర్పే కార్లలో పక్క సీటు ముందు కూడా ఒక క్లచ్చూ ఒక బ్రేకూ ఉంటాయి, నేర్చుకునేవాళ్ళు కంగారులో ఏ కరెంటు స్తంభానికో గురిపెడితే నేర్పేవాళ్ళు తొక్కడానికి. ఆ బ్రేకు మీద కుడికాలు ఆనించి సగం జీవితం గడిపిన మనిషి ఆమె. పాపం, ఆ కాలికి కారు దిగిన సంగతి తెలియదు. బస్సెక్కితే ముందు సీటు కింద తొక్కుతుంది. సినిమాలో హీరో బండి లోయవైపు పోతుంటే ముందు వరస కుర్చీని తొక్కి తిట్లు తింటుంది. నలుగురిలో మొగుడు నోరు జారబోతున్నప్పుడు కూడా ఆ కాలు బల్లకింద నేలని నొక్కుతుంది. ఈ ముక్క ఆయనే చెబుతాడు. ఆయన కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పని చేస్తాడు, మాట కూడా అలాగే సన్నగా అరగదీసి వదులుతాడు.

చుట్టుపక్కల వీధుల్లో డ్రైవింగ్ నేర్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ నోళ్ళు హారన్లతో పోటీపడతాయి. బ్రేకక్క అరవదు. అరిస్తే నేర్చుకునేవాళ్ళ చేతులు బిగుసుకుంటాయి, చేతులు బిగుసుకుంటే బండీ బిగుసుకుంటుంది అని ఆమె సిద్ధాంతం. పాఠం మొదట్లో నాలుగు ముక్కలు చెప్పి, ఆ తర్వాత నోరు కట్టేసుకుని రోడ్డు చూస్తూ కూర్చుంటుంది. అవసరమైతే కాలు మాట్లాడుతుంది. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు మొదటిసారి కాకపోతే రెండోసారికి పరీక్ష గట్టెక్కుతారని పేరు. ఆ పేరంటే ఆమెకి ప్రాణం. పైకి మాత్రం అదేం లేదంటుంది.

అలాంటి పేరుకి నర్సమ్మ వల్ల ముప్పొచ్చింది.

నర్సమ్మ పెద్దాసుపత్రిలో ఎముకల వార్డులో పనిచేస్తుంది. ముప్పై దాటిన మనిషి. ఇంట్లో తుంటి విరిగి మంచంలో ఉన్న అత్తగారు, స్కూలుకెళ్ళే ఇద్దరు పిల్లలు, సరుకుల లారీతో పాటు ఊళ్ళు తిరిగే మొగుడు. వార్డులో రాత్రి డ్యూటీ పడిన వారం ఆ ఇల్లు ఎలా నడుస్తుందో ఆమెకీ, సాయానికొచ్చే ఆమె చెల్లెలికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. ఇప్పుడు ఆసుపత్రివాళ్ళు కొత్తగా ఒక పోస్టు పెట్టారు. కట్లు కట్టించుకుని ఇంటికెళ్ళిన రోగుల్ని ఇళ్ళకే వెళ్ళి చూసుకోవాలి. కారు వాళ్ళే ఇస్తారు, అంతా పగటి పని. హెడ్ నర్సు ఆ పోస్టు ఈమెకే అట్టిపెట్టింది, కాకపోతే లైసెన్సు ఉండాలి. రెండుసార్లు పరీక్షకి పోయి రెండుసార్లూ తప్పింది. మూడోసారి కూడా తప్పితే ఇక తన చేతుల్లో లేదని, పోస్టు ఇంకొకరికి పోతుందని హెడ్ నర్సు మొహమాటం లేకుండా చెప్పేసింది.

విచిత్రమేమిటంటే నర్సమ్మకి బండి రాకపోవడం కాదు. బ్రేకక్క పక్కనుంటే ఆమె నడిపే తీరు చూడాలి. మలుపు దగ్గర వేగం ఎంత తగ్గాలో అంతే తగ్గుతుంది. ఎదురుగా బస్సొస్తే ఎంత జరగాలో అంతే జరుగుతుంది. గుంత కనిపించేలోపే బండి గుంత తప్పుకుంటుంది. ఇన్నేళ్ళలో ఇంత మెత్తగా నడిపిన మనిషి తగల్లేదని బ్రేకక్క ఇంట్లో చాలాసార్లు చెప్పింది. అదే నర్సమ్మ, పరీక్ష పెట్టే ఆయన పక్కన కూర్చోగానే, నడిరోడ్డు మీద కొయ్యబారిపోతుంది. ఆయన పేరు ఎవరికీ పట్టదు, విగ్రహం అంటారు. ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడంటే ఊపిరి పీలుస్తున్నాడో లేదో కూడా తెలియదు.

రెండోసారి తప్పింది ఒక ఖాళీ కూడలిలో. అటూ ఇటూ ఒక్క బండి లేదు. నర్సమ్మ ఆపింది, ఆపి ఉండిపోయింది. పొమ్మని చెప్పడం విగ్రహం పని కాదు కాబట్టి ఆయన చెప్పలేదు. వెనక నాలుగు బండ్లు చేరి హారన్లు కొట్టినా ఆమె కదల్లేదు. పరీక్ష పెట్టే ఆఫీసు గేటు దగ్గర ఎదురుచూస్తున్న బ్రేకక్క ఏమైందని అడిగితే, వెళ్ళాలో వద్దో తెలియలేదక్కా అంది. రోడ్డు ఖాళీగా ఉంది కదా అంటే, ఖాళీగానే ఉంది అంది. ఇంకేం అడుగుతారు ఎవరైనా.

ఆ మాట బ్రేకక్క బుర్రలో పురుగులా తొలిచింది. భయమంటే అర్థముంది. భయపడేవాళ్ళ అరచేతులు తడుస్తాయి, స్టీరింగు మీద మరక కనిపిస్తుంది. నర్సమ్మ పట్టుకున్న స్టీరింగు పొడిగా ఉంటుంది. భయం కాకపోతే ఇంకేమిటి? బ్రేకక్క తన మొగుణ్ణి అడిగింది, టైర్ల షాపాయన్ని అడిగింది, మందుల షాపులో కూడా అడిగింది. అందరూ భయమే అన్నారు.

ఈలోగా ఇంకో సంగతి బయటపడింది. మూడో పరీక్షకి గట్టిగా తయారుకావాలి, రోజూ సాయంత్రం రమ్మని బ్రేకక్క అంటే, గురువారం మాత్రం కుదరదని నర్సమ్మ నీళ్ళు నమిలింది. డ్యూటీయా అంటే కాదంది. మరేమిటంటే డాన్సంది. ఎవరో బ్రెజిల్ వాళ్ళదీ, ఆ చుట్టుపక్కల దేశాలవాళ్ళదీ అట, జంటగా చేసేదట, టైర్ల షాపు పైన హాల్లో గురువారం గురువారం జరుగుతుందట. జంటగా అంటే ఎవరితో అని బ్రేకక్క అడిగింది. ఎవరుంటే వాళ్ళతో అని నర్సమ్మ నిమ్మకు నీరెత్తినట్టు చెప్పింది. ఉద్యోగం చేజారిపోయేలా ఉంటే ఈ డాన్సేమిటని అడగబోయింది బ్రేకక్క. కుడికాలు నేలని నొక్కింది కాబట్టి అడగలేదు.

కందకు లేని దురద కత్తిపీటకెందుకని మొగుడన్నాడు. అయినా గురువారం సాయంత్రం బ్రేకక్క ఆ హాలు మెట్లెక్కింది. ఆ షాపులో టైర్లు కొంటూ ఎన్నేళ్ళో అయింది, పైన ఒక హాలుందని ఎప్పుడూ తల ఎత్తి చూసుకోలేదు. కింది రబ్బరు వాసన మెట్ల మీద సగం దాకా వచ్చి ఆగిపోయింది. పైన సబ్బు వాసన, ఇస్త్రీ బట్టల వాసన, నేలమీద చల్లిన పౌడరు వాసన. పాత చెక్క నేల. అరికాళ్ళు సులువుగా తిరగాలని పౌడరు చల్లుతారని తర్వాత తెలిసింది. గోడ వారన కుర్చీలు, కుర్చీల మీద సంచులు, సంచుల్లో మార్చుకోవడానికి పొడి చొక్కాలు. ఒక లావుపాటి ప్లంబరు ఒకే పాట అయ్యేసరికి తడిసి ముద్దై, కిటికీ పక్కకెళ్ళి చొక్కా మార్చుకుని, మళ్ళీ ఉత్సాహంగా బరిలోకి దిగాడు.

ఆ హాలు నడిపే పెద్దాయన్ని కెప్టెన్ అంటారు. నిజానికి ఆయన ఓడలో వంటవాడు. ఎప్పుడో వాళ్ళ ఓడ మరమ్మతుకని బ్రెజిల్ రేవులో నెలల తరబడి లంగరేస్తే, చేసేందుకు వంట లేక, సాయంత్రాలు రేవు కూలీల దగ్గర ఫొర్రో అనే డాన్సు నేర్చుకున్నాడు. తర్వాత రేవుకొకటి చొప్పున సల్సా, బచాటా లాంటి డాన్సులు అంటించుకొచ్చాడు. కెప్టెన్ అని మొదట పిలిచింది ఎగతాళికే. ఆయన కాదనలేదు. కొన్నాళ్ళకి ఎగతాళి అరిగిపోయి పేరు మిగిలింది.

హాల్లో పద్ధతులు బ్రేకక్కకి వింతగా అనిపించాయి. ఎవరు ఎవరినైనా అడగొచ్చు, వద్దంటే నొచ్చుకోకూడదు. రెండు పాటలు కాగానే జోడీ మారిపోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆడుతుండగా ఎవరూ ఎవరికీ నేర్పకూడదు. నేర్పడమే బతుకైన బ్రేకక్కకి ఇది మింగుడుపడలేదు. తప్పు చేస్తే ఎవరు చెబుతారని పక్క కుర్చీలో ఉన్న రిటైరైన లెక్కల మాస్టారిని అడిగింది. తప్పే చెబుతుందమ్మా, కాలి మీద పడుతుంది కదా అన్నాడాయన.

అప్పుడు నర్సమ్మ కెప్టెన్‌తో నేలమీదికొచ్చింది. జంటలో ఒకరు నడిపిస్తారు, ఇంకొకరు వెంట నడుస్తారు. నర్సమ్మ ఎప్పుడూ వెంట నడిచే మనిషే. పాట మొదలవగానే ఆమె కళ్ళు మూసుకుంది. బ్రేకక్క కుడికాలు కుర్చీ కింద నేలని తొక్కింది. చుట్టూ ఇరవై మంది తిరుగుతున్నారు, ఈమె కళ్ళు మూసుకుని వెనక్కి అడుగులేస్తోంది. కెప్టెన్ ఏమీ చెప్పడం లేదు, తోయడం లేదు, లాగడం లేదు. అయినా ఆయన ఆగితే ఆమె ఆగుతుంది, ఆయన పక్కకి తిరగాలనుకునేసరికి ఆమె తిరగడం మొదలైపోయి ఉంటుంది. మనిషి ఆవలిస్తే పేగులు లెక్కపెడతారంటారే, ఈమె ఆవలించకముందే లెక్కపెట్టేస్తోంది. బ్రేకక్క కుర్చీ అంచుకి జరిగి ఆ ఇద్దరి మధ్య ఏం జరుగుతోందో పట్టుకోవాలని తెగ ప్రయత్నించింది. ఏమీ కనబడలేదు.

పాటయ్యాక కెప్టెన్‌ని పట్టుకుంది. ఆమెకెలా తెలుస్తోంది, మీరేం సైగ చేస్తున్నారు అని అడిగింది. కెప్టెన్ రెండు అరచేతులూ చాచి, మీ చేతులు వీటిమీద పెట్టి కళ్ళు మూసుకోండమ్మా అన్నాడు. ఆమె మూసుకుంది. కాసేపటికి ఆయన చేతులు కదలకుండానే ఆయన కుడిపక్కకి ఒరిగినట్టు ఆమెకి తెలిసింది. కళ్ళు తెరిచి చూస్తే నిజంగానే బరువు కుడికాలి మీదికి మార్చి నిలబడి ఉన్నాడు.

"సైగలేమీ లేవమ్మా," అన్నాడు కెప్టెన్. "నా బరువు ఎటు పోతే ఆమె అటు ఉంటుంది. నాకంటే ముందే ఉంటుంది ఒక్కోసారి."

బ్రేకక్క ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. కారులో కూడా ఇంతేనా అన్న ఆలోచన రాకుండా ఉంటే బాగుండేదనిపించింది, వచ్చాక తేల్చుకోకుండా ఉండలేకపోయింది.

మర్నాడు పాఠంలో తేల్చుకుంది. రోడ్డు విశాలంగా ఉంది, ముందు ఎవరూ లేరు, నర్సమ్మ హాయిగా నడుపుతోంది. బ్రేకక్క కుడిమోకాలు కాస్త బిగించింది. బ్రేకు తొక్కలేదు, ముట్టుకోను కూడా లేదు. బండి నెమ్మదించింది. మోకాలు వదిలింది, బండి అందుకుంది. కాసేపాగి ఎడమ భుజం కొద్దిగా ఆ వైపు సందు మీదికి తిప్పింది. నర్సమ్మ చెయ్యి వెళ్ళి ఎడమ దీపం వేసింది, బండి సందులోకి తిరిగింది. ఆ సందు చివర చెత్తకుండీ తప్ప ఇంకేమీ లేదు.

"ఇటెందుకు తిప్పావు?" అని అడిగింది బ్రేకక్క.

నర్సమ్మ చెత్తకుండీని చూసి, బ్రేకక్కని చూసి, "ఏమో అక్కా," అంది. నిజంగానే ఆమెకి తెలియదు.

ఇన్నాళ్ళూ బండి నడిపింది నర్సమ్మ కాదు, తనే. పక్క సీట్లో నోరు కట్టేసుకుని కూర్చుని, మోకాళ్ళతో, భుజాలతో, ఊపిరితో తనే నడిపింది. విగ్రహం పక్కన నర్సమ్మ ఎందుకు ఆగిపోయిందో ఇప్పుడర్థమైంది. ఆయన దగ్గర్నుంచి ఏ కబురూ రాలేదు. ఇన్నాళ్ళుగా ఎవరూ పట్టుకోలేని జబ్బు పట్టుకున్నానన్న సంబరం ఒకవైపు, ఆ జబ్బు అంటించింది తనేనన్న దిగులు ఇంకోవైపు. రెండూ ఒకేసారి కలిగితే మనిషి ఏం చెయ్యాలో ఆమెకి తోచలేదు. ఉన్నదున్నట్టు నర్సమ్మకి చెప్పేసింది. నర్సమ్మ బండి పక్కకి ఆపి ఇంజను కట్టేసింది. అయితే నాకు డ్రైవింగే రాదన్నమాట అంది చివరికి.

ఇక బ్రేకక్క పాట్లు మొదలయ్యాయి. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది. మధ్యలో దిండు అడ్డం పెట్టింది. కిటికీలోంచి ఆకాశం చూసింది. విగ్రహంలా ఉండాలని ఊపిరి బిగబడితే, ఊపిరి బిగబట్టినట్టు కూడా నర్సమ్మకి తెలిసిపోయి, ఏదో ప్రమాదముందని బండి ఆపేసింది. కర్ర విరగకుండా పాము చావకుండా ఎన్నాళ్ళు లాగినా లాభం లేకపోయింది. పరీక్ష దగ్గరపడుతోంది. పక్కన మనిషి ఉన్నంతసేపూ నర్సమ్మ ఆ మనిషిని చదువుతూనే ఉంటుంది, చదవడానికేమీ లేకపోతే దిక్కు తోచదు. చదవడం మానమంటే ఎలా మానుతుంది, చెవులు మూసుకోకుండా వినడం మానమన్నట్టు.

తర్వాతి గురువారం ఆమె మళ్ళీ మెట్లెక్కింది. ఈసారి ఆమె కళ్ళు ఇంకో పద్ధతి మీద పడ్డాయి. సాయంత్రం సగమయ్యాక కెప్టెన్ ఓడ నుంచి తెచ్చుకున్న గరిటెతో ఒక పెనం మీద కొట్టి, తారుమారు అని కేకేస్తాడు. అప్పటిదాకా నడిపించినవాళ్ళు రెండు పాటల పాటు వెంట నడవాలి, వెంట నడిచినవాళ్ళు నడిపించాలి. చుక్కాని పట్టేవాడికి ఓడలో కూర్చున్నవాడి కడుపులో తిప్పడమేమిటో తెలియాలని ఆయన వాదన. లావుపాటి ప్లంబరుని బట్టల కొట్టులో పనిచేసే ఒక బక్కపలచని పిల్ల నడిపిస్తుంటే హాలంతా నవ్వు. ఆ నవ్వులో నర్సమ్మ కనబడలేదు. సీసా పట్టుకుని వరండాలో కుళాయి దగ్గరుంది. నీళ్ళు నిండిపోయి పొంగుతున్నా సీసా తియ్యలేదు.

ప్రతివారం ఇంతేనని మాస్టారు చెప్పాడు. పెనం మోగిందంటే ఆమెకి దాహం వేస్తుందట.

బ్రేకక్క వరండాలోకెళ్ళి కుళాయి కట్టింది. ఎందుకు నడిపించవని అడిగింది. నర్సమ్మ మొదట రాదంది, తర్వాత ఇష్టం లేదంది. బ్రేకక్క కదలకుండా నిలబడేసరికి అసలు మాట వచ్చింది.

"వార్డులో ఎవర్ని ఎటు తిప్పాలో నేనే చూడాలి. ఇంట్లో ఎవరు ఎప్పుడు తినాలో నేనే చూడాలి. వారం మొత్తంలో ఈ కాసేపే అక్కా, ఎటెళ్ళాలో ఇంకొకరు చూసుకుంటారు. కళ్ళు మూసుకోవచ్చు. ఇక్కడ కూడా నేనే చూడాలంటే ఇంక నేనెందుకు రావడం?"

నర్సమ్మ బెదురుగొడ్డని అందరూ అనుకున్నారు, తనూ అనుకుంది. ఈమె బెదరలేదు, అలిసిపోయింది. తన పక్కన ఆ స్టీరింగు సీటు ఆమెకి బడి కాదు, విశ్రాంతి. ఆ విశ్రాంతిని తనే ఇచ్చింది, ఇప్పుడు తనే లాక్కోవాలి. పాపమనిపించింది. పాపమని ఊరుకుంటే రాత్రి డ్యూటీలు ఊరుకోవు. వచ్చే గురువారం పెనం మోగినప్పుడు నన్ను నడిపించు, ఇంకెవర్నీ కాదు, నన్ను అంది. నువ్వు డాన్సు చెయ్యవు కదక్కా అంటే, అందుకేగా అంది.

అన్నాక భయమేసింది. వెంట నడవడమంటే ఏమిటో కనీసం ఇంట్లోనైనా చూసుకుందామని వంటగదిలో మొగుణ్ణి నిలబెట్టింది. నన్ను ఎటైనా తీసుకెళ్ళండి అంది. ఆయన ఆమె చేతులు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఎదురుచూసింది. ఆయనా ఎదురుచూశాడు. పొయ్యి మీద నీళ్ళు మరిగిపోయాయి.

"ఇన్నేళ్ళలో నేను నిన్నెప్పుడైనా ఎక్కడికైనా తీసుకెళ్ళానా?" అన్నాడాయన. "నువ్వు లేవమంటే లేచాను, ఎక్కమంటే ఎక్కాను. ఇప్పుడు ఉన్నట్టుండి అడిగితే దారెలా తెలుస్తుంది?"

ఆయన ఎత్తిపొడవలేదు, ఉన్నమాటే అన్నాడు. ఆమెకి నవ్వొచ్చింది, కాస్త చివుక్కుమంది కూడా. స్టవ్వు కట్టేసి మళ్ళీ నీళ్ళు పెట్టింది.

గురువారం పెనం మోగింది. నర్సమ్మ కుళాయి వైపు చూసింది, బ్రేకక్క దారికి అడ్డంగా నిలబడి ఉంది. ఇద్దరూ నేలమీదికొచ్చారు. పాట నెమ్మదైనదే, ఫొర్రో, దగ్గరగా పట్టుకుని అటూ ఇటూ నడవడమే. బ్రేకక్క కళ్ళు మూసుకుంది. మూసుకున్న మరుక్షణం కుడికాలు నేలని తొక్కింది. నర్సమ్మ కదపబోయింది, అక్కడే ఆగిపోయింది. మళ్ళీ కదిపింది, మళ్ళీ తొక్కింది. వెనకనుంచి ఎవరో వస్తున్నట్టు అడుగుల చప్పుడైతే బ్రేకక్క భుజం తప్పుకోబోయింది, నర్సమ్మ వెంటనే ఆ భుజం చెప్పినట్టు తప్పుకుంది. నడిపించేది నర్సమ్మే అయినా నడుస్తున్నది మళ్ళీ బ్రేకక్క మాటే. పక్క జంటకి తగిలారు, ప్లంబరు కాలు తొక్కారు. హ్యాండ్‌బ్రేకు వేసుకుని వచ్చిందమ్మా అని కెప్టెన్ అనడం, నలుగురు నవ్వడం వినిపించింది. మొదటి పాట అలా తగలడింది.

రెండో పాట మొదలైంది. బ్రేకక్క మళ్ళీ నేలని తొక్కింది. ఈసారి నర్సమ్మ నడక ఆపేసింది. ఆమె గొంతు బ్రేకక్క చెవి దగ్గర, వార్డులో కట్టు విప్పుకోబోయే రోగితో మాట్లాడే గొంతులా, మెత్తగా, తిరుగులేకుండా వచ్చింది.

"అక్కా, కాలు తియ్యి. నేను చూస్తున్నాను."

ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అనలేదు. ఆమే అందరితో అంది. నేను చూస్తున్నాను, నువ్వు నడుపు అని వందలమందితో అంది. బ్రేకక్క కుడికాలి మీంచి బరువు తీసింది. ఎక్కడ పెట్టాలో తెలియక నర్సమ్మ మీదే పెట్టింది. ఒక అడుగు వెనక్కి పడింది, ఏమీ కాలేదు. ఇంకొకటి పడింది. ఎటు పోతున్నదీ తెలియలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. ఒకచోట నర్సమ్మ ఆగింది. వాళ్ళ పక్కనుంచి ఎవరో గాలి తగిలేంత దగ్గరగా తిరుగుతూ పోయారు. వాళ్ళొస్తున్నట్టు బ్రేకక్కకి తెలియనే తెలియదు, ఆమె ఒంట్లోంచి ఏ కబురూ పోలేదు. చూసింది నర్సమ్మే, ఆపింది నర్సమ్మే. పాట అయిపోయేసరికి బ్రేకక్క కళ్ళు తడిగా ఉన్నాయి. పౌడరు పడిందంది. నర్సమ్మ వాదించలేదు.

పరీక్ష దాకా గురువారాలన్నీ ఇలాగే గడిచాయి. నర్సమ్మ దాహం తగ్గింది. రెండు పాటలే కాబట్టి తన విశ్రాంతి తనకి ఉండనే ఉంది, కెప్టెన్‌తో కళ్ళు మూసుకుని తిరిగేది తిరుగుతూనే ఉంది. కారులో మాత్రం బాగుపడిందో లేదో చెప్పడం కష్టంగా ఉండేది. ఒకరోజు బ్రేకక్క మోకాలు బిగిసినా బండి సాగిపోయేది, ఇంకోరోజు మోకాలు చెప్పినట్టే నడిచేది. ఇన్నేళ్ళ అనుభవంలో మొదటిసారి, పరీక్ష ముందు రోజు, ఏమవుతుందో ఆమె చెప్పలేకపోయింది.

పరీక్ష రోజున నేర్పినవాళ్ళు కావాలంటే వెనక సీట్లో కూర్చోవచ్చు, నోరు మాత్రం మెదపకూడదు. బ్రేకక్క ఎప్పుడూ కూర్చోదు, గేటు దగ్గరే ఉంటుంది. ఆ రోజు నర్సమ్మ రమ్మంది. నువ్వు గేటు దగ్గరుంటే నా బుద్ధి కూడా గేటు దగ్గరే ఉంటుంది, వచ్చి ఊరికే కూర్చో అంది. బ్రేకక్క నర్సమ్మ సీటు వెనకే ఇరుక్కుని కూర్చుంది. చిన్న కారు, మోకాళ్ళు ముందు సీటుకి ఆనుకున్నాయి. విగ్రహం ఫైలు ఒళ్ళో పెట్టుకుని పక్క సీట్లో ప్రతిష్ఠ అయ్యాడు.

బండి గేటు దాటింది. పెద్దరోడ్డు ఎక్కింది, బస్సుల మధ్య నడిచింది, ఎత్తుమీద ఆగి వెనక్కి జారకుండా ఎక్కింది. విగ్రహం పెన్ను కదులుతూ ఉంది. మంచికో చెడుకో తెలియలేదు. చివరగా గిడ్డంగుల వీధిలోంచి రోడ్డు మీదికి వచ్చే మలుపు. ఎడమవైపు ఒక వ్యాను ఆపి ఉంది. రోడ్డు ఖాళీ. నర్సమ్మ ఆపింది, ఆపాల్సిందే. ఇక పోవాలి.

పోలేదు.

బ్రేకక్క రోడ్డు రెండువైపులా చూసింది. ఖాళీగానే ఉంది. విగ్రహం పెన్ను ఆగింది. వెనక ఒక లారీ వచ్చి నిలబడి హారన్ కొట్టింది. మళ్ళీ అదే జబ్బు, అదే ఖాళీ కూడలి. రాత్రి డ్యూటీలు, మంచంలో అత్తగారు, పిల్లలు, అన్నీ బ్రేకక్క కళ్ళముందు తిరిగాయి. పో తల్లీ, పో అని లోపల వేడుకుంది. కదలకూడదని ఎంత అనుకున్నా, ఆమెకి తెలియకుండానే ఒళ్ళు ముందుకి వంగింది, మోకాళ్ళు ముందు సీటుని తాకాయి.

అప్పుడు వ్యాను ముందునుంచి ఒక ముసలాయన తోపుడుబండితో బయటికొచ్చాడు. బండినిండా అట్టపెట్టెలు, వాటి వెనక ఆయన తల కూడా సరిగ్గా కనబడటం లేదు, ఆయనకి రోడ్డూ కనబడటం లేదు. నర్సమ్మ బంపరు ముందునుంచే మెల్లగా దాటాడు. దాటాక నర్సమ్మ మళ్ళీ ఒకసారి అటూ ఇటూ చూసి, గేరు వేసి, రోడ్డెక్కింది. విగ్రహం పెన్ను మళ్ళీ కదిలింది.

గేటు దగ్గర ఆయన కాగితం చింపి నర్సమ్మ చేతికిచ్చి, జాగ్రత్తగా నడపండి అని మాత్రం అని దిగిపోయాడు. నర్సమ్మ కాగితం రెండుసార్లు చదివింది. నెగ్గింది. బ్రేకక్క వెనకనుంచి ఆమె రెండు భుజాలూ పట్టుకుంది. ఇల్లు చేరేదాకా నేనే నడుపుతానని నర్సమ్మ అంటే సరేనని ముందు సీట్లోకి మారింది. బండి మళ్ళీ పెద్దరోడ్డెక్కింది.

"అక్కా, ఆ వ్యాను దగ్గర నువ్వు ముందుకి వంగావు కదా?" అంది నర్సమ్మ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

అబద్ధమాడదామా అనుకుంది బ్రేకక్క. "వంగాను," అంది.

"తెలిసింది. పొమ్మంటున్నావని తెలిసింది."

"మరెందుకు పోలేదు?"

"వ్యాను కింద ఆయన కాళ్ళు నాకు కనిపించాయి. నీకు కనిపించలేదని కూడా తెలిసింది."

బ్రేకక్క ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. ఇన్నేళ్ళలో ఎంతమంది తన కాలు నమ్ముకుని రోడ్డెక్కారో ఆమెకి లెక్క లేదు. ఆ కాలు చెప్పింది కాదని, బండి ఆపి, ఒక మనిషిని బతికించింది ఈ అమ్మాయి. ఆమెకి చెప్పలేనంత గర్వంగా ఉంది, ఏడుపూ వస్తోంది. ముందు సిగ్నల్ దగ్గర ఏ దారిన పోదామక్కా అని నర్సమ్మ అడిగింది. నీకు తెలుసుగా, నీ ఇష్టం అంది బ్రేకక్క, ఇంకా కిటికీలోకే చూస్తూ.